ఒక ట్రాన్స్‌ఫార్మర్, ఇరవై మోటర్లు

నల్లగొండ నుంచి దేవరకొండ వైపో, మహబూబ్‌నగర్ నుంచి కల్వకుర్తి వైపో బస్సులో పోతుంటే పొలాల మధ్య రెండు స్తంభాల మీద ఒక ట్రాన్స్‌ఫార్మర్ కనిపిస్తుంది. దాని కింద తలుపు ఊడిపోయిన ఫ్యూజు డబ్బా, అందులోంచి నాలుగు దిక్కులకీ పోయే తీగలు. రోజూ చూసేదే కాబట్టి దానికీ ఒక చరిత్ర ఉంటుందని తట్టదు. నన్నడిగితే గత నలభై ఏళ్ళ పాలమూరు, నల్లగొండ రైతు కథని ఆ డబ్బా దగ్గర మొదలుపెట్టి చెప్పొచ్చు. రాజకీయాలు, వానలు, అప్పులు, చావులు అన్నీ అక్కడికే వచ్చి తగులుతాయి.

ముందు అసలు సమస్య చెప్తాను. కరెంటు ఒక్క చోటి నుంచి వస్తుంది. వాడుకునే యంత్రాలు చాలా ఉంటాయి. ఏదీ కాలిపోకుండా అన్నిట్నీ నడపడం ఎలా? ఇది రైతులకి మాత్రమే ఉన్న సమస్య కాదు. ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్ళు కాళ్ళ దగ్గర అరడజను పెడళ్ళు పెట్టుకుంటారు. చాలావాటికి 9 వోల్టులు చాలు, కాబట్టి అన్నిట్నీ ఒకే అడాప్టరుకి దండలాగా గుచ్చేస్తారు. కొన్ని పెడళ్ళు నాలుగైదు మిల్లీ ఆంపియర్లతో సరిపెట్టుకుంటే, డిజిటల్ పెడల్ ఒక్కటే వంద పైన తాగుతుంది. కూడిక చెయ్యకుండా గుచ్చితే అడాప్టరు వేడెక్కుతుంది. ఒక పెడల్ చేసే గోల తీగ వెంట మిగతావాటిలోకి పాకి స్పీకర్లో 'బుయ్' మని వినిపిస్తుంది. సరుకు చిన్నదైనా సూత్రం అదే. ఒకటి, మొత్తం లెక్క తెలిసుండాలి. రెండు, అన్నీ ఒకేసారి మీద పడకూడదు. మూడు, ఒకదాని జబ్బు ఇంకోదానికి అంటకూడదు. మన పొలాల్లో ఈ మూడు సూత్రాలూ ఎలా తెగిపోయాయో, ఎవరు తెంచారో చెప్పడమే ఈ టపా ఉద్దేశం.

ఇక్కడ బోర్లు ఇన్ని ఎందుకున్నాయో తెలియకపోతే మిగతాది అర్థం కాదు. ఈ రెండు పాత జిల్లాలూ చాలావరకు నల్లరాతి నేల మీదున్న మెట్ట ప్రాంతం. వాన ఏడాదికి సుమారుగా 600 నుంచి 750 మిల్లీమీటర్లు, అదీ కురిస్తే. కృష్ణ పక్కనుంచే పోతుంది కానీ లోయలో పోతుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలవ 1967లో నీళ్ళిచ్చాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పచ్చబడింది. మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి పైనే ఉండిపోయాయి. చెరువులు పూడిపోయాయి, మోటబావులు ఎండిపోయాయి, మిగిలింది బోరు. బోరంటే మోటరు, మోటరంటే కరెంటు.

తమాషా ఏమిటంటే కరెంటు పుట్టేదీ ఇక్కడే. నాగార్జునసాగర్ దగ్గర సుమారు 816 మెగావాట్లు, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 900, జూరాల దగ్గర 234. నది నీళ్ళు కిందికి దూకి కరెంటు ఇస్తే, ఆ కరెంటుతో గట్టు మీది రైతు భూమిలోంచి నీళ్ళు పైకి తోడుకుంటాడు. ఆ మొదటి అంచె దగ్గర కూడా ప్రాణాలు పోయాయని గుర్తుంచుకోవాలి. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో మంటలు లేచి, ఇంజనీర్లతో సహా తొమ్మిదిమంది చనిపోయారు. కరెంటు దగ్గర భద్రత అనేది పెద్ద కేంద్రాల్లోనే అంత కష్టమైతే, మనిషి కాపలా లేని పొలంలో ఎలా ఉంటుందో ఊహించండి.

సరే, మొదటి సూత్రానికి వద్దాం. మొత్తం లెక్క. 1980ల మొదటిదాకా వ్యవసాయ మోటర్లకి మీటర్లుండేవి. తర్వాత శ్లాబ్ పద్ధతి వచ్చింది. ఎన్టీఆర్ హయాంలో హార్స్‌పవర్‌కి ఏడాదికి 50 రూపాయలు అన్న మాట ఈ తరంవాళ్ళకి కూడా తెలుసు. రైతుకి అది పెద్ద ఊరట, దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మీటరు రీడింగు తీసే మనిషి ఖర్చు కలిసొస్తుందని బోర్డుకీ అప్పట్లో నచ్చింది. కానీ మీటరు పోవడంతో బిల్లు ఒక్కటే పోలేదు. ఏ తీగ మీద ఎంత కరెంటు పోతోందో తెలిసే దారి కూడా పోయింది. పైగా హార్స్‌పవర్‌ని బట్టి డబ్బు కట్టాలంటే 5 హెచ్‌పీ మోటరుని కాగితం మీద 3 హెచ్‌పీ అని చూపించాలని ఎవరికైనా అనిపిస్తుంది. నీళ్ళు లోతుకి పోయేకొద్దీ మోటరు పెద్దదవుతుంది, కాగితం మాత్రం మారదు. కనెక్షను లేకుండా తగిలించినవి వేరే. అలా ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసున్న బరువుకీ, నిజంగా దాని నెత్తి మీదున్న బరువుకీ సంబంధం తెగిపోయింది. లెక్క తప్పు చెప్పింది రైతే, కానీ తప్పు చెప్తేనే లాభం ఉండేలా లెక్క పెట్టింది ఎవరు?

రెండో సూత్రం ఇంకా ముఖ్యమైంది, నా అసలు వాదన దీని మీదే. ఇళ్ళకి కరెంటిచ్చేటప్పుడు ఇంజనీర్లు ఒక ధైర్యంతో ఉంటారు. వంద ఇళ్ళుంటే వంద ఇళ్ళలోనూ ఒకే నిమిషంలో మిక్సీ, ఇస్త్రీపెట్టె, గీజరు వెయ్యరు. ఒకరు వేస్తే ఇంకొకరు ఆపుతారు. ఆ ఎగుడుదిగుడుల్ని నమ్ముకునే చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌తో పెద్ద వీధిని నెట్టుకొస్తారు. పొలాల్లో ఆ ఎగుడుదిగుడు లేకుండా చేసింది కరెంటు కోత. 2004 తర్వాతి ఉచిత విద్యుత్తు రోజుల్లో వ్యవసాయానికి ఏడు గంటలు, అదీ సాధారణంగా రెండు విడతల్లో, గ్రూపులవారీగా ఇచ్చేవారు. ఒక విడత పగలు, ఒక విడత అర్ధరాత్రి. ఇచ్చేది కొన్ని గంటలే ఐనప్పుడు, ఇచ్చిన నిమిషంలోనే అందరికీ కావాలి. కరెంటు తక్కువగా ఉంది కాబట్టి టైంటేబుల్ పెట్టారు. ఆ టైంటేబులే ఇరవై మోటర్లని ఒక్క క్షణానికి కట్టేసింది.

రాత్రి రెండింటికి కరెంటొస్తే ఎవరు లేచి పొలంకాడికి పోతారు? పోయినవాళ్ళలో పాము కరిచినవాళ్ళున్నారు, తడి నేల మీద స్టార్టరు ముట్టుకుని మళ్ళీ లేవనివాళ్ళున్నారు. అందుకని ఆటో స్టార్టర్ పెట్టుకున్నారు. కరెంటు రాగానే అదే మోటరుని ఆన్ చేస్తుంది, రైతు ఇంట్లో పడుకోవచ్చు. ప్రాణభయంతో పెట్టుకున్న పెట్టె అది. దాన్ని బద్ధకం అన్నవాళ్ళు అర్ధరాత్రి వరిమడి గట్టు మీద ఒక్కసారి నడిచి చూడాలి.

ఇప్పుడు కొంచెం లెక్క. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కో ఫేజుకి సుమారుగా 133 ఆంపియర్లు ఇవ్వగలదు. 5 హెచ్‌పీ మోటరు నడుస్తున్నప్పుడు ఏడున్నర ఆంపియర్లు తీసుకుంటుంది. అంటే పదిహేడు మోటర్లు పెడితే 127 ఆంపియర్లు, కాగితం మీద సరిపోయింది. కానీ మోటరు నిలిచున్న చోటునుంచి కదిలే క్షణంలో ఆరు రెట్ల దాకా లాగుతుంది. ఒక్కొక్కటిగా మొదలైతే పర్లేదు. పదిహేడూ ఒకేసారి మొదలైతే అడిగేది 765 ఆంపియర్లు. అంత లాగేసరికి ట్రాన్స్‌ఫార్మర్ లోపలే ఐదోవంతు వోల్టేజి పోతుంది, కిలోమీటరు పొడుగు సన్నని అల్యూమినియం తీగలో ఇంకాస్త పోతుంది. మోటరు తిప్పే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజి నూటికి డెబ్భైకి పడిందంటే బలం సగమే. సగం బలంతో వందల అడుగుల లోతునుంచి నీళ్ళని ఎత్తలేక మోటరు తిరగడానికి కొట్టుమిట్టాడుతుంది. తిరగనంతసేపూ ఆరు రెట్లు లాగుతూనే ఉంటుంది. అందరూ లాగుతున్నారు కాబట్టి ఎవరికీ చాలదు, చాలదు కాబట్టి ఇంకా సేపు లాగుతారు.

సాఫ్ట్‌వేర్ మిత్రులకి ఈ బొమ్మ ఎక్కడో చూసినట్టుంటుంది. సర్వరు పడిపోయి మళ్ళీ లేచిన క్షణంలో వేల క్లయింట్లు ఒక్కసారిగా కనెక్టవడానికి ఎగబడి దాన్ని మళ్ళీ పడగొడతాయి. దానికి మందు కూడా మనకి తెలుసు. ప్రతి క్లయింటూ తనకి తోచినన్ని సెకన్లు ఆగి ప్రయత్నిస్తుంది, ఎవరి అంకె వారిది. ఆటో స్టార్టర్‌లో కూడా టైమరు పెట్టి ఒకరు 20 సెకన్లు, ఇంకొకరు 40, మరొకరు 60 అని పంచుకుంటే చాలా ట్రాన్స్‌ఫార్మర్లు బతికేవని నా నమ్మకం. కల్వకుర్తి ఎత్తిపోతల్లో 30 మెగావాట్ల పంపులు ఒక్కో దశకి ఐదేసి ఉన్నాయి. ఆ ఐదింటినీ ఒకేసారి స్టార్ట్ చేద్దామని ఏ ఇంజనీరూ అనుకోడు. అదే జాగ్రత్త ఐదు హార్స్‌పవర్ల రైతు దగ్గరికొచ్చేసరికి 'ఆటో స్టార్టర్ తీసెయ్యండి' అన్న ఉపదేశం దగ్గర ఆగిపోయింది. తీసేస్తే రాత్రి ఎవరు పోవాలన్న ప్రశ్నకి మాత్రం జవాబు లేదు.

మూడో సూత్రం, ఒకరి జబ్బు ఇంకొకరికి అంటకూడదన్నది. దానికోసమే ఫ్యూజు ఉంటుంది. సన్నని తీగ ముందు కాలిపోయి వెనకున్న ఖరీదైన వస్తువుని కాపాడుతుంది. కానీ పైన చెప్పిన గుంపులో సరైన ఫ్యూజు ఒక్క విడత కూడా నిలబడదు. రెండు గంటల కరెంటు ఫ్యూజు కట్టడానికే సరిపోతే పొలం తడిసేదెప్పుడు? అందుకని లావు తీగ కడతారు. ఇహ అది కాలదు. కాలాల్సిన బాధ్యత ట్రాన్స్‌ఫార్మర్ లోపలి వైండింగ్ మీద పడుతుంది. లేదా మూడు ఫేజుల్లో ఒకటి పోతే మిగతా రెండింటి మీద మోటర్లు మూలుగుతూ నడిచి వాటి వైండింగులు మాడతాయి. లావు తీగ కట్టిన చెయ్యి ఒక్కటే, కాలేది ఇరవైమందిది. తిలాపాపం తలా పిడికెడు.

ఇక్కడే మనుషులు పోతారు. లైన్‌మన్ ఒక్కడు, ఊళ్ళు చాలా. అతను వచ్చేదాకా ఆగితే విడత అయిపోతుంది. ఎవరో ఒక రైతు ఏబీ స్విచ్ దించి దిమ్మె ఎక్కుతాడు. తుప్పు పట్టిన స్విచ్‌లో మూడు బ్లేళ్ళూ పూర్తిగా విడిపోయాయో లేదో కింద నుంచి చీకట్లో కనిపించదు. ఒక్కటి అంటుకునుంటే చాలు. పేపర్లో మర్నాడు జిల్లా ఎడిషన్లో నాలుగు లైన్లు వస్తాయి, 'ఫ్యూజు వేస్తూ రైతు మృతి' అని. అతను చేసింది తన పని కాదు, డిపార్టుమెంటు పని. జీతం లేకుండా, చేతికి తొడుగు లేకుండా, ఇరవైమంది తరఫున చేశాడు.

కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ కథ ఇంకోటి. పల్లెల్లో 48 గంటల్లో మార్చాలని రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2004లోనే ప్రమాణాలు పెట్టింది. పొలాల్లో నడిచిన పద్ధతి వేరు. తలా ఇంత చందా వేసుకుని, ట్రాక్టరు మాట్లాడుకుని, ట్రాన్స్‌ఫార్మర్‌ని దింపి, రిపేరు షెడ్డుకి తీసుకుపోయి, వరసలో నిలబడి, మళ్ళీ తెచ్చి ఎక్కించుకోవడం. రైతుకి కరెంటు ఫ్రీ అని పట్నంలో అనుకుంటాం కదా, మోటరు రీవైండింగ్, ట్రాన్స్‌ఫార్మర్ చందా, ఆ నాలుగు రోజుల్లో ఎండిన మడి, ఇవన్నీ కూడితే అది ఏనాడూ ఫ్రీ కాదు. 2001లో ప్రపంచ బ్యాంకు హర్యానా, ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కరెంటు మీద వేసిన నివేదిక కూడా, కాలిపోయే మోటర్ల, ట్రాన్స్‌ఫార్మర్ల రూపంలో రైతు మీద పడే ఖర్చుని లెక్కలోకి తీసుకుంది.

ఆ రోజుల్లో చర్చంతా రేటు మీదే జరిగింది. 1999లో విద్యుత్ బోర్డుని విడగొట్టారు. 2000 ఆగస్టు 28న చార్జీల పెంపు మీద నిరసన చేస్తుంటే బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. 2004 మే 14న వైఎస్ ప్రమాణ స్వీకారం చేసి ఉచిత విద్యుత్తు ఫైలు మీద మొదటి సంతకం పెట్టారు. రేటు ఎంతన్న ప్రశ్న మీద ప్రభుత్వాలు పడిపోయాయి, లేచాయి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మొదటి నిమిషంలో ఏం జరుగుతుందన్న ప్రశ్న మీద ఒక్క ధర్నా కూడా జరిగినట్టు నాకు గుర్తులేదు.

2005లో ఉచితానికి కొన్ని షరతులు పెట్టారు. ఐఎస్ఐ మోటరు, రాపిడి తక్కువుండే ఫుట్ వాల్వు, మంచి పైపులు, కెపాసిటరు. కెపాసిటరు చిన్న వస్తువే. 5 హెచ్‌పీ మోటరుకి 2 కేవీఏఆర్‌ది పెడితే తీగలో పోయే కరెంటు నూటికి పదిహేను, ఇరవై వంతులు తగ్గుతుంది. కానీ ఇరవైమందిలో ఒక్కడే పెడితే ఆ లాభం ఇరవైమందికి పంపకమైపోయి అతనికేమీ కనిపించదు, పైగా ఆ పాడు వోల్టేజికి కెపాసిటరే పోతుంది. అందరూ కలిసి పెడితే అందరికీ లాభం. క్రిస్టియన్ కిమ్మిష్ అనే జర్మన్ పరిశోధకుడు ఆంధ్రప్రదేశ్ రైతుల మీద చేసిన పని, 2013లో అచ్చయింది, ఇదే చెప్తుంది. ఇది రైతు తెలివికి సంబంధించింది కాదు, పక్కవాడు కూడా పెడతాడన్న నమ్మకానికి సంబంధించింది. మన పథకాలు మాత్రం ఒక్కో రైతుకీ విడివిడిగా షరతు పెట్టాయి, ట్రాన్స్‌ఫార్మర్‌కి మొత్తంగా పెట్టలేదు.

ఇంజనీర్ల వైపునుంచి వచ్చిన మంచి ఆలోచన హెచ్‌వీడీఎస్. 100 కేవీఏ పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పెట్టి, దాన్నుంచి కిలోమీటర్ల పొడుగున తక్కువ వోల్టేజి తీగలు లాగే బదులు, 11 కేవీ లైనునే పొలం దాకా తీసుకెళ్ళి అక్కడ 16, 25 కేవీఏ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెడతారు. 25 కేవీఏ అంటే ఐదు హెచ్‌పీ మోటర్లు నాలుగు. తీగలో కరెంటు పాతిక రెట్లు తగ్గుతుంది, పైతీగకి కొక్కెం వెయ్యడం కుదరదు. గిటార్ వాళ్ళు దండ గుచ్చడం మానేసి ఒక్కో పెడల్‌కి వేరు వేరు అవుట్‌పుట్ ఉన్న సప్లై కొనుక్కుంటారు చూశారా, అదే పని. కానీ నాకు దీనిలో నచ్చింది తీగల సంగతి కాదు, మనుషుల సంగతి. ఇరవైమందిలో లావు తీగ కట్టిందెవరో తేలదు. నలుగురిలో తేలుతుంది. ఆ నలుగురూ పక్క పక్క పొలాలవాళ్ళు, ఒకరి మోటరు ఎన్ని హార్స్‌పవర్లో ఇంకొకరికి తెలుసు. ప్రభుత్వం మీటరు తీసేశాక పోయిన లెక్క అలా మళ్ళీ మనుషుల నోటిలోకొచ్చింది. ఖర్చెక్కువ కాబట్టి అన్నిచోట్లా పెట్టలేకపోయారు, అది వేరే సంగతి.

ఆఖరి మలుపు తెలంగాణ వచ్చాక. 2017 జులైలో పాత నల్లగొండ, మెదక్, కరీంనగర్ జిల్లాల్లో ప్రయోగంగా వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలుపెట్టారు. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రమంతా ఇచ్చారు, అప్పటికి మోటర్లు దాదాపు 23 లక్షలు. దాంతోపాటు ఆటో స్టార్టర్లు తీసెయ్యమని ముఖ్యమంత్రి నుంచి లైన్‌మన్ దాకా అందరూ చెప్పారు. ఈసారి ఆ మాటకి ఒక అర్థం ఉంది. కరెంటు ఎప్పుడూ ఉంటుందంటే అర్ధరాత్రి లేవాల్సిన పనిలేదు, అందరూ ఒకే నిమిషంలో ఎగబడాల్సిన పనీ లేదు. ఒకరు పొద్దున వేస్తారు, ఒకరు మధ్యాహ్నం. ముప్ఫై ఏళ్ళు ఉపదేశాలతో రానిది టైంటేబుల్ మార్చితే వచ్చే అవకాశం కలిగింది.

ఐతే ఇక్కడితో శుభం కార్డు వెయ్యలేం. అందరూ పంచుకునే సప్లై ఇంకోటుంది, అది నేల కింద ఉంది. 24 గంటల కరెంటుకి ఆటో స్టార్టర్ తోడైతే బోరు రాత్రింబవళ్ళు నడుస్తుంది. రాతిలో నీళ్ళు ఊరడానికి టైం కావాలి, ఊరేలోపే తోడేస్తే పక్కవాడి బోరు పోతుంది, తర్వాత మనదీ పోతుంది. అందుకే ఆ ఏడాది మాకు 24 గంటలు వద్దు, పగటిపూట తొమ్మిదో పన్నెండో చాలు అని చాలా ఊళ్ళలో రైతులే అడిగారు. కరెంటు కోత తెలియకుండానే నీళ్ళకి కాపలా కాసింది. ఆ కాపలా తీసేటప్పుడు బదులుగా ఇంకో కాపలా పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

2023 ఎన్నికల ముందు మూడు గంటలా, ఇరవై నాలుగు గంటలా అని పెద్ద రగడ జరిగింది. రెండు వైపులా వాదించినవాళ్ళు అంకె గురించే వాదించారు. నాకైతే అంకె కంటే అది పగలా రాత్రా, అందరికీ ఒకేసారా వంతులవారీగానా, ఫ్యూజు వేసేది ఎవరు అన్నవే అసలు ప్రశ్నలనిపిస్తుంది. పగలు ఎనిమిది గంటలు, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులు తమలో తాము వంతులు మాట్లాడుకునేలా, ఫ్యూజు వెయ్యడానికి జీతమున్న మనిషి గంటలో వచ్చేలా ఇస్తే, అది దిక్కులేని ఇరవై నాలుగు గంటల కంటే మంచిది. ఈ మూడూ లేని మూడు గంటలైతే మళ్ళీ పాత రాత్రులే.

మన రైతు క్రమశిక్షణ లేనివాడని, ఫ్రీగా వస్తే విలువ తెలియనివాడని పట్నంలో చాలా తేలిగ్గా అనేస్తాం. పైన చెప్పినవి వరసగా పెట్టి చూడండి. కాగితం మీద హెచ్‌పీ తగ్గించి చెప్పడం, ఆటో స్టార్టర్, లావు తీగ, కెపాసిటరు పెట్టకపోవడం. ఒక్కొక్కటీ ఆ రోజు ఆ మనిషికి తెలివైన పనే. నేనైనా అదే చేసేవాణ్ణి. ఇరవై తెలివైన పనులు ఒకే తీగ మీదికొచ్చాయి, తీగ కాలింది. ఎవరి పని వారు సరిగ్గా చేసుకుంటే అందరికీ మేలయ్యేలా ఏర్పాటు చెయ్యడం తీగకి పైకొసన ఉన్నవాళ్ళ బాధ్యత. అది చెయ్యనంతకాలం దిమ్మె ఎక్కేది కిందికొసన ఉన్నవాడే.